సంక్రాంతి సాయంత్రం ఏ సినిమా వేద్దాం?

సినిమా బాధ్యత:
సెలవులకు అమలాపురం వచ్చాను, ఇక్కడి నుంచే రాస్తున్నాను. సంక్రాంతి వేడుకకు దర్శకుడు వంశీ గారి 'అన్వేషణ' వేద్దామని నా ఆలోచన. 1985 నాటిది, ఆయన మూడో సినిమా. ఎవరికైనా అభ్యంతరమా?

కోశాధికారి:
నాకుంది తమ్ముడూ. మనది గోదావరి వాళ్ళ సంఘం. అందులో గోదావరి ఏదీ? అంతా అడవి, హత్యలు. 'లేడీస్ టైలర్' వేస్తే పెద్దవాళ్ళు హాయిగా నవ్వుకుంటారు.

సినిమా బాధ్యత:
నా పట్టుదలంతా అందుకే అన్నయ్య గారూ. పసలపూడి మనిషి కదా అని వంశీ పేరెత్తగానే పడవ, రేవు, వెటకారం వెతుకుతాం. 1984లో వచ్చిన 'సితార'కు జాతీయ అవార్డు, 1986లో 'లేడీస్ టైలర్'కు నవ్వులు. ఆ రెండింటి నడుమ ఇది పాటల సినిమాగా మిగిలిపోయింది. నాన్నగారికి ఇళయరాజా క్యాసెట్టు గుర్తుంది గాని కథ గుర్తు లేదు. మొన్న రాత్రి మా మేనల్లుడు పాటలు దాటేసి చూశాడు. హంతకుడెవరో తెలిశాక మళ్ళీ మొదటికి వెళ్ళి, ఆ మనిషి కనిపించిన ప్రతిచోటా ఆపి ఆపి చూశాడు. ఎం.వి. రఘు కెమెరా గురించి వాడే నాకు చెబుతున్నాడు!

వంటల బాధ్యత:
పాటలు దాటేసినందుకు ముందు వాడికి చీవాట్లు పెట్టు. భానుప్రియ అడవికి వచ్చిందే పక్షుల కూతల్లో సంగీతం వెతకడానికి. అందులో 'కీరవాణి' పాట ఉంది కదా, కీరమంటే చిలుక. కీరవాణి రాగం పేరు కూడా, పాట కట్టింది ఆ రాగంలోనే. సబ్‌టైటిల్స్‌లో ఈ ముక్క పిల్లలకు ఎలా చెబుతారో మరి. అది సరే, పూతరేకులకు ఆత్రేయపురం వెళ్ళావా?

సినిమా బాధ్యత:
నిన్ననే వెళ్ళాను అక్కా. బోర్లించిన కుండ కింద మంట. పలుచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగితే చాలు, రేకు తేలుతోంది. బెల్లం పూతరేకులు 150 చెప్పాను. చేతిసంచిలోనే తెస్తాను. కిందటేడు పెద్ద పెట్టెలో వేసి, అందరికీ చెంచాతో పొడి వడ్డించాం.

కోశాధికారి:
సరే, 'అన్వేషణ'నే వేయండి. హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా వచ్చాకే కరపత్రం అచ్చు వేయించండి. హంతకుడెవరో నేను మరిచిపోయాను. మీ వదినకు మాత్రం గుర్తుంది, ఇప్పటికే రెండుసార్లు చెప్పబోయింది. ఆవిడను పిల్లలకు దూరంగా, చివరి వరుసలో కూర్చోబెట్టండి.