జాతర అన్నదానంలో అందరికీ ఒకే బంతి: గుడి, చర్చి, మసీదు కలిసి ఎట్లా చేసేది?

పలమనేరు పక్క: గంగజాతరకు తలకట్టు (తలకింత అని చందా) అందరి దగ్గరా వసూలు చేస్తారు. ఆదిఆంధ్రవాడ (ఎస్సీ వాడ) వాళ్లకు మాత్రం చివరి బంతి, లేదంటే పార్సిల్. ఈసారి భజనగుడి కమిటీ, పాస్టరు గారు, మసీదు బాగోగులు చూసే ముతవల్లి కలిసి దీన్ని మాన్పించాలని కూర్చున్నారు. 300 మందికి వంట. సర్వమత ప్రార్థనతో మొదలుపెట్టచ్చా?

వడ్డనకాడు: ప్రార్థన వద్దన్నా. ఫొటోలు దిగినాక మళ్లా ఎవరి బంతి వాళ్లదే. బంతికి 50 మంది, ఆరు బంతులు. వచ్చిన వరుసలో నంబర్ చీటీ ఇవ్వండి, ఏ వీధి అని అడగొద్దు. అదే నంబరు ఆకు ముందర నేల మీద సుద్దతో రాయండి. రాయకపోతే తెలిసినోళ్ల పక్కకు జరిగి జరిగి అరగంటలో పాత వరుసే వస్తుంది. వడ్డించే పదిమందిలో నలుగురు వాడవాళ్లు ఉండాలి, అన్నం గంప, నీళ్ల జగ్గు వాళ్ల చేతిలోనే ఉండాలి. ఎంగిలాకులు ఎత్తే పని వాళ్ల మీదికే పోతుంది, కాస్త కనిపెట్టుకోండి. కమిటీ పెద్దలు మొదటి బంతిలో కూర్చోవాల్సిందే. ‘ఈపొద్దు ఒక్కపొద్దు’ అని తప్పుకునేవాళ్లు ఉంటారు, అందుకే ఒక్కపొద్దు విడిచే పూటకే భోజనం పెట్టండి.

కుప్పం: నైవేద్యం పెట్టిన అన్నం కొందరు విశ్వాసులు ముట్టరు. అది కులం పట్టింపు కాదు, రెండూ కలిపి చూడొద్దు. నైవేద్యం చిన్న గిన్నెలో వేరుగా వండేయండి. వేటమాంసం వద్దు, హలాల్ పంచాయితీ ఎందుకు? ఇంకోటి, మాల చర్చి, మాదిగ చర్చి వేరుగా ఉన్న ఊళ్లు లేవా? దూదేకుల వాళ్లను మసీదులో తక్కువగా చూసే ఊళ్లు లేవా? అది పాస్టరు గారు, ముతవల్లి తామే ముందు ఎత్తకపోతే గుడి తరఫు వాళ్లు దాన్నే పట్టుకుంటారు.

చిత్తూరు కోర్టు వీధి: మాట వినకపోతే చట్టం ఉంది. ఎస్సీలను అందరి బావి, శ్మశానం, గుడి, ఊరేగింపు దగ్గర అడ్డుకోవడం అట్రాసిటీ చట్టం కింద నేరం. సాయానికి 14566కు ఫోన్ చేయండి. అయితే ఒక చిక్కు. 1950 ఎస్సీ ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవాళ్లకు ఎస్సీ హోదా ఉండదు. ఆ కారణంతోనే 2025లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది. 1955 పౌరహక్కుల చట్టం అట్లా కాదు, అంటరానితనంతో ‘ఏ వ్యక్తిని’ అడ్డుకున్నా వర్తిస్తుంది. ఫిర్యాదులో ఆ చట్టం పేరు కూడా రాయించండి. ప్రతి నెలాఖరులో అధికారులు ఊళ్లలో జరిపే పౌరహక్కుల దినాన్ని (అంటరానితనం మీద సభ) జాతరకు ముందే మీ ఊళ్లో పెట్టమని తహసీల్దారుకు అర్జీ ఇవ్వండి.

పలమనేరు పక్క: పాయసం ఆరో బంతికి మిగలదు, దానికేం చేసేది?

వడ్డనకాడు: అన్ని బంతులకూ ఒకటే గరిటె, మనిషికి ఒక్కటే. మారు వడ్డన ఆరో బంతి లేచినాకే.