ఈఆర్‌సీ అధికారాలను అసెంబ్లీ తగ్గించగలదా?

ప్రశ్న:
కరెంటు చార్జీలు నిర్ణయించేది ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ కమిషన్) కదా. రాష్ట్ర ప్రభుత్వం తలుచుకుంటే బిల్లు పెట్టి ఆ అధికారాన్ని తనే తీసేసుకోవచ్చా? కొందరేమో కరెంటు రాష్ట్రం సబ్జెక్టే అంటున్నారు, కొందరు కేంద్ర చట్టం ఉండగా కుదరదంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
రాష్ట్రం ఒక్కదానిదే కాదండీ, రాజ్యాంగంలో విద్యుత్ ఉమ్మడి జాబితాలో ఉంది, 38వ అంశం. పార్లమెంటూ చట్టం చేయొచ్చు, అసెంబ్లీ కూడా చేయొచ్చు, రెండిటికీ పొసగకపోతే కేంద్ర చట్టానిదే పైచేయి. 2003 విద్యుత్ చట్టం 86వ సెక్షన్‌లో టారిఫ్ (కరెంటు రేట్లు) నిర్ణయం, డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) కరెంటు కొనుగోళ్ల నియంత్రణ కమిషన్‌కి అప్పగించారు. దానికి విరుద్ధంగా అసెంబ్లీ చట్టం చేస్తే 254(2) అధికరణ కింద రాష్ట్రపతి ఆమోదం రావాలి, వచ్చినా పార్లమెంటు మళ్లీ మార్చేయొచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లోనే సొంతంగా విద్యుత్ సంస్కరణల చట్టం చేసుకుంది. 2003 చట్టం వచ్చాక దాన్ని రద్దు చేయలేదు గానీ కొత్త చట్టానికి అడ్డం రానంత వరకే చెల్లుతుందన్నారు.

జవాబు 2:
అసలు బిల్లు దాకా ఎందుకండీ? 2003 చట్టంలోనే 108వ సెక్షన్ చదవండి. ప్రజాప్రయోజనం ఉన్న విధాన విషయాల్లో ప్రభుత్వం కమిషన్‌కి ఆదేశాలు ఇవ్వొచ్చు, పైగా ఏది అలాంటి విషయమో తేల్చేదీ ప్రభుత్వమే. సభ్యుల పేర్లు సూచించే కమిటీకి హైకోర్టు మాజీ జడ్జి అధ్యక్షులుగా ఉన్నా నియామకం ప్రభుత్వం చేతిలోనే ఉంది, ఖాళీలు నింపకుండా వదిలేస్తే చాలు, చట్టంలో ఒక్క అక్షరం మార్చకుండానే కమిషన్ చతికిలపడుతుంది. నాకు అదే ఎక్కువ భయం.

జవాబు 3:
మీ భయం నిజమే గానీ 65వ సెక్షన్ మర్చిపోవద్దు. ఎవరికైనా చార్జీ తగ్గించాలనుకుంటే ప్రభుత్వం ఆ సబ్సిడీ డబ్బు ముందుగానే కట్టాలి, కట్టకపోతే ఆ ఆదేశం చెల్లదు, కమిషన్ ఖరారు చేసిన రేటే వర్తిస్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ ఒప్పందాల రేట్లు మళ్లీ బేరమాడాలని జీవో 63తో కమిటీ వేస్తే హైకోర్టు ఆ జీవోని కొట్టేసింది. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ అయితే ఒప్పందంలో రాసుకున్న రేటే చెల్లించమంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్. మరి కమిషన్ తీర్పే తప్పనిపిస్తే?

జవాబు 1:
111వ సెక్షన్ కింద ఢిల్లీలోని విద్యుత్ అప్పీలేట్ ట్రిబ్యునల్‌కి, అక్కడా న్యాయం జరగలేదనుకుంటే చట్టపరమైన ప్రశ్న మీద సుప్రీంకోర్టుకి. కానీ అంతకంటే ముందు, టారిఫ్ ప్రతిపాదనలు వచ్చినప్పుడే అభ్యంతరాలు రాసి పంపండి, వాటిని పరిశీలించాకే ఆర్డర్ ఇవ్వాలని 64వ సెక్షన్ చెప్తోంది.