ఇన్వర్టర్ బ్యాటరీ పోయింది: లిథియం కొనాలా, సోడియం వచ్చేదాకా ఆగాలా?

అడిగినవారు (కొర్లగుంట, తిరుపతి):
ఇంట్లో 150 ఏహెచ్ (యాంపియర్ అవర్స్) ట్యూబులర్ బ్యాటరీ, అదే నీళ్లు పోసే సీసం బ్యాటరీ, ఐదారేళ్లు బాగానే నడిచింది. ఇప్పుడు ఛార్జింగ్ ఫుల్ అని చూపిస్తుంది, కరెంటు పోయిన అరగంటకే ఇన్వర్టర్ కీచుమంటుంది. షాపులో లిథియం పెట్టుకోమన్నారు. ధర వినగానే వెనక్కొచ్చేశా. మా బావమరిదేమో "సోడియం బ్యాటరీలు వస్తున్నాయి, చౌక, ఆగు బావా" అంటాడు. అసలు లిథియం సెల్స్ మన తిరుపతిలోనే చేస్తున్నారు కదా, ఇక్కడ తక్కువకి రావా? లోడ్ రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, టీవీ, వైఫై. బ్యాటరీ మేడ మీద రేకుల గదిలో ఉంది.

జవాబు (చిత్తూరు, ఇన్వర్టర్ సర్వీసు):
అన్నా, ముందు మీ ఇన్వర్టర్‌లో లిథియం మోడ్ ఉందో లేదో చూడండి. మిగతాదంతా దాని తర్వాతే. పాత వాటిలో ట్యూబులర్, ఫ్లాట్ ప్లేట్, ఎస్ఎంఎఫ్ అనే సీసం బ్యాటరీల మోడ్‌లే ఉంటాయి. ట్యూబులర్‌ని అప్పుడప్పుడూ 15 వోల్టుల దగ్గరదాకా తీసుకెళ్లి ఛార్జ్ చేసే ఇన్వర్టర్లు ఉన్నాయి. సీసం బ్యాటరీకి అది మంచిదే. ఇళ్లలో పెట్టే లిథియం అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఎల్ఎఫ్‌పీ. నాలుగు సెల్స్ వరుసగా ఉంటాయి, ఒక్కోదానికి 3.65 వోల్టులు హద్దు, మొత్తం 14.6. అది దాటితే లోపలున్న బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, టక్కున లైన్ కట్ చేస్తుంది. కొత్త బ్యాటరీ పాడైందని షాపుకి మోసుకొచ్చే కేసుల్లో చాలావరకు ఇదే సంగతి.

డిస్‌ప్లేలో శాతం కూడా నమ్మొద్దు. ఎల్ఎఫ్‌పీ వోల్టేజ్ చివరిదాకా దాదాపు ఒకేలా ఉండి, ఒక్కసారిగా పడిపోతుంది. వోల్టేజ్ చూసి లెక్కేసే పాత ఇన్వర్టర్‌కి అది అర్థం కాదు.

సైజు విషయం. 150 ఏహెచ్ ట్యూబులర్ అంటే 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్స్, కానీ ఆయుష్షు తగ్గకుండా వాడుకోగలిగేది అందులో సగం, ఇంకొంచెం. 100 ఏహెచ్ ఎల్ఎఫ్‌పీలో 1280 ఉంటే 1100 దాకా వాడొచ్చు. కాబట్టి 150కి బదులు 150 లిథియమే కావాలని షాపువాళ్లు అంటే ఒప్పుకోకండి, వందది సరిపోతుంది.

జవాబు (పుత్తూరు):
సోడియం గురించి చెప్తాను, మీ బావమరిది చెప్పేది అబద్ధమేమీ కాదు. చైనా కంపెనీ సీఏటీఎల్ 2021లోనే సోడియం అయాన్ సెల్ చూపించింది, కిలోకి 160 వాట్ అవర్స్ అని. మన రిలయన్స్ కూడా ఫారడియన్ అనే బ్రిటన్ సోడియం కంపెనీని కొంది. అయితే 2023లో లిథియం రేటు కుప్పకూలింది. సోడియానికి ఉన్న చౌక అనే బలం అక్కడే సగం పోయింది.

ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. సోడియం సెల్ వోల్టేజ్ ఫుల్‌లో 4 దగ్గర, ఖాళీ అయ్యేసరికి 1.5 దాకా దిగుతుంది. నాలుగు సెల్స్ కలిపితే 16 నుంచి 6 వోల్టులు. మన ఇన్వర్టర్లు పదిన్నర దగ్గరే ఆగిపోతాయి, అంటే అడుగునున్న ఛార్జ్ మనకు అందదు. దానికి తగ్గ ఇన్వర్టర్లు కూడా రావాలి. ల్యాబ్ నుంచి ఇంటికి రావడం ఎంత నెమ్మదో ఎల్ఎఫ్‌పీనే చూడండి: 1990ల్లో టెక్సస్‌లో గుడెనఫ్ అనే శాస్త్రవేత్త బృందం కనిపెట్టిన పదార్థం, మన ఇన్వర్టర్ షాపులకి రావడానికి ఇరవై ఏళ్లు దాటింది. ఈ ఎండల్లో ఫ్యాన్ లేకుండా అన్నేళ్లు కూర్చోలేం కదా!

తిరుపతి సెల్స్ అంటారా, 2022 సెప్టెంబరులో ట్రయల్ ప్రొడక్షన్ మొదలైంది. అవి 10 ఏహెచ్ సెల్స్, పవర్ బ్యాంకుల్లాంటి వాటికి. ఇన్వర్టర్‌లో వేసేవి వేరే సైజు, ఎక్కువగా చైనా నుంచే వస్తాయి. ఫ్యాక్టరీ పక్కనుందని షాపులో రేటు తగ్గదు. తిరుపతి పక్కనే కరకంబాడిలో అన్నేళ్లుగా బ్యాటరీలు తయారవుతున్నా మనకేమైనా సగం రేటుకి ఇచ్చారా?

అడిగినవారు:
చూశాను, లిథియం మోడ్ లేదు. అంటే ఇన్వర్టర్ కూడా మార్చాలా? మాకు కరెంటు పోయేది వారానికి ఒకట్రెండుసార్లే, అదీ గంటలోపు.

జవాబు (చిత్తూరు):
అయితే లిథియం మీకు వద్దు. రోజూ గంటలకొద్దీ కోతలున్నచోట, సోలార్‌తో రోజూ ఛార్జ్ చేసి వాడేచోట దాని డబ్బు తిరిగొస్తుంది. వేల సైకిల్స్ (ఒకసారి ఛార్జ్ చేసి వాడితే ఒక సైకిల్) వస్తాయని మీరు కొంటే, ఆ సైకిల్స్ ఏళ్ల తరబడి వాడకుండా మిగిలిపోతాయి. ట్యూబులరే మళ్లీ తీసుకోండి.

ఆ రేకుల గదిలో మాత్రం పెట్టొద్దు. సీసం బ్యాటరీకి 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మే నెలలో తిరుపతి రేకుల కింద ఎంతుంటుందో మీకే తెలుసు. కింద గాలి ఆడే చోట పెట్టండి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి మూసిన అల్మారాలో, దేవుడి గదిలో దీపం పక్కన వద్దు. డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లు కాదు.

మిగిలిన డబ్బుతో రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే కరెంటు తక్కువ లాగే మోటార్ ఉన్నవి, వేయించుకోండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు లాగితే ఇది 30 లాగుతుంది. మీ లోడ్ 270 నుంచి 180కి దిగుతుంది. మూడు గంటలొచ్చే బ్యాకప్ నాలుగున్నర గంటలు దాటుతుంది.

పాతది ఇనప సామాను బండికి వేయకండి. సీసానికి రేటుంది, కొత్తది కొనే షాపులోనే ఎక్స్‌ఛేంజ్ అడగండి. తూకం వేసి ఎంత తగ్గించారో బిల్లులో విడిగా రాయించుకోండి.