సమస్యాపూరణం: ‘ఎండలోన వణికి రెల్లవారు’

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. దానికి ముందు మూడు పాదాలు రాసి, పొసగనట్టున్న ఈ మాట పొసిగేలా పద్యం పూర్తి చేయాలి.

*ఎండలోన వణికి రెల్లవారు*

సందర్భం కూడా నేనే ఇస్తున్నాను. జులైలో ఒక శనివారం. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఎండ 38 డిగ్రీలు దాటింది. తెల్లారకముందే పులిహోర కట్టుకుని నాలుగు కుటుంబాలు 50వ నంబరు రోడ్డు పట్టుకున్నాయి. వంద మైళ్ళు పోయి, 7,382 అడుగుల ఎత్తున్న ఎకో సమ్మిట్ కనుమ దాటి దిగితే లేక్ తాహో సరస్సు. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరాలి. అంతే కథ.

ఒక్క షరతు. జ్వరంతో వణికారనీ, ముసలితనంతో వణికారనీ రాయకండి. అలాంటి వణుకు ఏ ఊళ్ళోనైనా చెల్లుతుంది. ఈ వణుకు తాహోలోనే పుట్టాలి.

కొత్తచేయి:
నమస్కారం అండీ, ఇక్కడ ఇదే మొదటి ప్రయత్నం. టెన్షన్‌గానే ఉంది.

*చల్లనైన నీట మునిగి లేచినవారు*
*కాళ్ళు మొద్దుబారి కదలరైరి*
*పైన సూర్యుడున్న ఫలమేమి మిత్రమా!*
*ఎండలోన వణికి రెల్లవారు*

వరంగల్ మాస్టారు:
స్వాగతం నాయనా. గణాలన్నీ, అంటే గురులఘువుల గుంపులన్నీ, సరిపోయాయి, సంతోషం. మొదటి పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, తప్పింది. మూడు సూర్యగణాలు అయ్యాక నాలుగో గణం ‘ము’తో మొదలైంది. ‘చ’కు ‘ము’తో మైత్రి లేదు. ‘చల్లనైన నీట జలకమాడినవారు’ అను, చ-జ కుదురుతుంది. మూడో పాదంలో ‘పై’కి ‘ఫ’ వేశావు చూడు, అది బాగుంది. తెలిసే వేశావా?

కొత్తచేయి:
లేదు మాస్టారూ, అదే పడింది.

నిర్వాహకుడు:
యతి సంగతి మాస్టారు చూశారు, నేను విషయం చూస్తాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి కాబట్టి వణికారు అంటున్నారు. సరే, కానీ మండు వేసవిలో ఎందుకు చల్లగా ఉన్నాయి? సమస్యలో ముడి ఉన్నది అక్కడే. మీ పద్యం దాన్ని ముట్టుకోకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది.

కొత్తచేయి:
మొదటి పాదం మార్చాను.

*మంచు కరగి వచ్చు మడుగులో దిగువారు*

శాక్రమెంటో బాబాయి:
ఇప్పుడు కారణం వచ్చింది, కానీ సగమే. సియెరా కొండల మంచు కరిగి 63 వాగులు ఆ సరస్సులో కలుస్తాయి, నిజమే. అసలు చల్లదనం లోతులో ఉంది. లోతైన చోట 501 మీటర్లు. ఎండ ఎంత కాసినా పైపొరే కాస్త వెచ్చబడుతుంది, కింద ఏడాది పొడుగునా 5 డిగ్రీల దగ్గరే. అంత నీరు చల్లబడటానికీ చలికాలం చాలదు, అందుకే తాహో మొత్తంగా గడ్డకట్టదు. అంతటిదాన్ని మడుగు అంటే ఎలా అబ్బాయ్?

వేసవిలో జరిగే ఇంకో తమాషా ఉంది. రెండు రోజులు పడమటి గాలి గట్టిగా కొడితే, పైనున్న వెచ్చటి నీళ్ళన్నీ తూర్పు గట్టుకు పోతాయి. ఆ ఖాళీలోకి అడుగునుంచి చన్నీళ్ళు లేస్తాయి. మొన్న హాయిగా ఈదినచోట ఇవాళ కాలు పెట్టలేం. అదే రాశాను.

*పశ్చిమంపు గాలి పైనీరు తోలంగ*
*నడుగు నీరు పైకి నరుగుదెంచె*
*నిన్న వెచ్చనైన నీలాల సరసిలో*
*నెండలోన వణికి రెల్లవారు*

గోదారమ్మాయి, శాన్ హోసే:
బాబాయి గారూ, పద్యం బాగుంది. చిన్న పేచీ. మీ లెక్క ప్రకారమే వెచ్చటి నీళ్ళు తూర్పు గట్టుకు చేరాయి. మేం ఎప్పుడూ నెవాడా వైపు, తూర్పు గట్టునే దిగుతాం. మరి మేం వణకలేదుగా? ‘ఎల్లవారు’ అన్నారే!

శాక్రమెంటో బాబాయి:
తూర్పున దిగినవాళ్ళు హాయిగా ఈదారమ్మా, వాళ్ళు నా పద్యంలో లేరు. గాలి పడమటినుంచి వీచిందని మొదటే చెప్పాను, నీళ్ళు ఎటు పోయాయో, ఏ గట్టున చన్నీళ్ళు లేచాయో చదివేవాళ్ళకు తడుతుంది. ఒక్క ఆటవెలదిలో గట్టు పేరు కూడా పెట్టమంటే నావల్ల కాదు.

వరంగల్ మాస్టారు:
రెండో పాదంలో ‘తోలంగన్ + అడుగు’ నడుగు అయింది, ‘పైకిన్ + అరుగుదెంచె’ నరుగుదెంచె అయింది. రెండు సంధులూ యతిస్థానాల్లోనే పడి న-న కలిశాయి. పట్టి చేసినట్టు లేదు, దానంతట అది వచ్చినట్టుంది. అలా ఉండాలి.

గోదారమ్మాయి, శాన్ హోసే:
నా వంతు. అక్కడ అడుగు కనిపించే పడవలు అద్దెకిస్తారు, పడవ మొత్తం పారదర్శకమే. మొదటిసారి ఎక్కినప్పుడు చలి వేయలేదు కానీ ప్రాణం పోయినంత పనైంది.

*అద్దమనగ నీర మడుగెల్ల కనిపించ*
*నావ తేలె గాలి నడుమ ననగ*
*కూలిపోదుమంచు గుండె ఝల్లుమనంగ*
*నెండలోన వణికి రెల్లవారు*

శాక్రమెంటో బాబాయి:
అద్దంలో మన ముఖం కనబడుతుంది గానీ అడుగు కనబడదు కదమ్మా.

గోదారమ్మాయి, శాన్ హోసే:
కిటికీ అద్దం బాబాయి గారూ!

నిర్వాహకుడు:
రెండో పాదం కోసం మొదటి పాదాన్ని క్షమించవచ్చు. ‘నావ తేలె గాలి నడుమ ననగ’ అన్నది చూసినవాళ్ళే రాయగలరు. తాహో ఒడ్డున రూబికన్ పాయింట్ దగ్గర గట్టునుంచి కొద్ది దూరం పోగానే అడుగు నిట్టనిలువుగా జారిపోతుంది. అప్పటిదాకా కింద స్పష్టంగా కనిపించిన బండలు ఉన్నట్టుండి మాయమై ముదురు నీలం మిగులుతుంది. అక్కడ నీళ్ళు చల్లనా వెచ్చనా అని ఎవరికీ గుర్తుండదు. చలిని పక్కన పెట్టి భయంతో ముడి విప్పడం, ఆ భయం కూడా నీటి తేటదనం వల్లే పుట్టడం నాకు నచ్చాయి.

కొత్తచేయి:
భయం అంటే నాకు ఇంకోటి తట్టింది. ఈసారి యతి లెక్కపెట్టుకున్నాను.

*ఎలుగుబంటి వచ్చి యెట్టయెదుట నిల్చి*
*పెట్టెలోని పూరి పీకుచుండ*
*చెట్టు చాటు లేదు, చేష్టలుడిగి యట్టె*
*యెండలోన వణికి రెల్లవారు*

వరంగల్ మాస్టారు:
ఇంత త్వరగా చెయ్యి తిరిగిందా! ఎ-యె, పె-పీ, చె-చే, అన్నీ సరే. ‘పూరీ’ని పొట్టి చేశావు, ఆకలి మీద ఉన్న ఎలుగు కనుక ఊరుకుంటాను.

శాక్రమెంటో బాబాయి:
ఛందస్సు మాస్టారిది, అడవి నాది. తాహో చుట్టూ ఎటు చూసినా పైన్ చెట్లే, ‘చెట్టు చాటు లేదు’ అంటే ఎవరు నమ్ముతారు? ఉన్నా లాభం లేదనుకో. అక్కడుండేవి నల్ల ఎలుగులు, చెట్టెక్కడంలో మనకంటే దిట్టలు. తిండి వాసనకు కారు తలుపులు కూడా తీసేస్తాయి, అందుకే తిండి దాచడానికి ఇనప పెట్టెలు పెడతారు. పూరీలు బయట పెట్టుకున్న మీ వాళ్ళదే తప్పు.

కొత్తచేయి:
అయితే మూడో పాదం ఇలా:

*చెట్టు నెక్కు నదియు, చేష్టలుడిగి యట్టె*

నిర్వాహకుడు:
దిద్దాక రెండింతలు బాగుంది. పారిపోవడానికి దారి ఎందుకు లేదో కూడా చెప్పేశారు.

మెయిల్‌లో వచ్చిన ఒక పూరణ డోనర్ కనుమలో 1846-47 చలికాలంలో మంచులో చిక్కుకున్న, బళ్ళలో వలస పోతున్నవాళ్ళ గురించి. కథ తాహో పక్కదే, పద్యం కూడా నడిచింది. కానీ అందులో ఎండ ఏదీ? తీసుకోలేదు.

ఫ్రీమాంట్ వదిన:
చలి, భయం అయ్యాయి. కోపం ఎవరూ రాయలేదేం? ఫ్రీమాంట్ నుంచి వచ్చేవాళ్ళకు వచ్చే వణుకు అదే.

*నాల్గుగంట లేగి నడిమింట నినుడుండ*
*నిండెనయ్య చోటు నేడటంచు*
*తిప్పి పంప వారు, తీరని కినుకతో*
*నెండలోన వణికి రెల్లవారు*

గోదారమ్మాయి, శాన్ హోసే:
వదినా, ఇది మా ఇంటి కథే! వేసవి శనివారం పదింటికల్లా పార్కింగ్ అయిపోతుందని తెలిసి కూడా ఆయన దారిలో కాఫీకి ఆపారు. ఆ రోజు కారులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

వరంగల్ మాస్టారు:
సూర్యుణ్ణి ‘ఇనుడు’ అన్నచోట పక్కన ‘పార్కింగ్’ రాకుండా ‘చోటు’తో సరిపెట్టారు, అది నేర్పు. ‘తిప్పి పంప వారు’ దగ్గర మాత్రం ఆ ‘వారు’ ఎవరో తెలియడం లేదు.

ఫ్రీమాంట్ వదిన:
గేటు దగ్గర కుర్రాడు మాస్టారూ. చాలా మర్యాదగానే పంపాడు పాపం.

సియెరా:
ఒకటి నాది. తెల్లటి పళ్ళెంలాంటి బిళ్ళను నీళ్ళలోకి దింపి, అది ఎంత లోతు దాకా కనబడుతుందో కొలుస్తారు. 1968లో ఏడాది సగటు 31 మీటర్లు. ఇప్పుడు 20 అటూ ఇటూ. వాగుల్లోంచి, రోడ్లమీంచి వచ్చే సన్నటి మట్టి, పెరిగే నాచు దానికి కారణాలు.

*ముప్పదొక్క మీట రప్పుడు కనిపించె*
*నిరువదాయె నేటి కేమి జరిగె?*
*బిడ్డలకును మిగులు పిడికెడే యని తల్చి*
*యెండలోన వణికి రెల్లవారు*

కొత్తచేయి:
మొదటి పాదంలో ‘ము’కు ‘ర’ ఉంది. యతి తప్పినట్టేనా?

వరంగల్ మాస్టారు:
తప్పలేదు. ఆటవెలదిలో యతికి బదులు ప్రాసయతి వేయవచ్చు. ‘ముప్ప’, ‘రప్పు’ చూడు, రెండుచోట్లా రెండో అక్షరం ‘ప్ప’కారమే, ముందున్నవి రెండూ గురువులే. అంకెను ప్రాసయతిలో ఇరికించడం నేనూ మెచ్చుకున్నాను.

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలు నాకు కంఠస్థం అయిపోయాయి. కానీ మూడో పాదం దగ్గర పద్యం ఆగి ఉపన్యాసం మొదలైంది. సెలవు రోజున తువ్వాలు భుజాన వేసుకుని వచ్చినవాళ్ళు, అంకె విని ఎండలో వణికిపోతారా? బాధపడతారు, ఆ తర్వాత పులిహోర తింటారు. వణుకు ఇక్కడ అతికించినట్టుంది.

సియెరా:
ఒప్పుకోను, కానీ అర్థమైంది.

వరంగల్ మాస్టారు:
ఇంతసేపూ అందరి తప్పులూ పట్టాను కనుక నాది కూడా పడేస్తున్నాను. నేను తాహో చూడలేదు. మా అమ్మాయి ఫోనులో చెప్పిన సంగతి ఇది.

*తడిసి వచ్చినారు తల్లియు బిడ్డలు*
*కారు నెక్కి యేసి కట్టరైరి*
*బైట బండపైన బట్టలు వరుసగా*
*నెండ, లోన వణికి రెల్లవారు*

గోదారమ్మాయి, శాన్ హోసే:
మాస్టారూ!! ‘ఎండలోన’ను విరిచేశారు! బట్టలు బయట ఎండుతుంటే లోపల వీళ్ళు వణికారు. ఇది ఎవరికీ తట్టలేదే.

ఫ్రీమాంట్ వదిన:
లోయలో ఎండకు ఏసీ ఫుల్‌లో పెట్టి, కొండెక్కాక కూడా అలాగే వదిలేస్తాం. నిజంగా జరిగేదే.

శాక్రమెంటో బాబాయి:
పద్యం అద్భుతం, పేచీ లేదు. కానీ షరతు మాటేమిటి? ఏసీ వణుకు హైదరాబాద్‌లోనూ పుడుతుంది. తాహోలోనే పుట్టాలన్నారు కదా నిర్వాహకులు?

వరంగల్ మాస్టారు:
తడిసింది తాహో నీళ్ళలో, ఎండింది తాహో బండ మీద. ఇంకేం కావాలయ్యా? సమస్య ఇచ్చేదే విరవడానికి. విరుపు లేకపోతే అది పూరణ కాదు, వర్ణన.

నిర్వాహకుడు:
మాస్టారి మాట సగమే ఒప్పుకుంటాను. విరిస్తేనే పూరణ అని శాస్త్రం ఎక్కడా అనలేదు. ముడి విప్పడానికి పదాన్ని విరవవచ్చు, కారణం చూపవచ్చు, సందర్భం మార్చవచ్చు. ఈ వారం నేను అడిగింది కారణం. చలి ఎక్కడినుంచి లేచిందో గాలి, నీళ్ళతో చూపించిన బాబాయి గారి పద్యానికే మొదటి స్థానం. అయితే రేపు ఇంట్లో ఎవరికైనా వినిపించాలంటే నేను చదివేది మాస్టారిదే, అది వేరే సంగతి. గోదారమ్మాయి గారి రెండో పాదానికీ, కొత్తచేయి గారు దిద్దుకున్న మూడో పాదానికీ ప్రత్యేకంగా శభాష్.

వచ్చే వారం సమస్య మాస్టారే పంపారు, ఈసారి మన ఊళ్ళ చెరువుల మీద. ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

*నీరు లేని చెరువు నిండిపోయె*

ఫ్రీమాంట్ వదిన:
ఇళ్ళ ప్లాట్లతో నిండింది అని అందరూ అదే రాస్తారు, చూడండి.

నిర్వాహకుడు:
అయితే అది తప్ప ఇంకేదైనా రాయండి. గడువు శుక్రవారం రాత్రి, భారత కాలమానం ప్రకారం.