పేజీవ్యూస్ తగ్గలేదు, యాడ్స్ డబ్బులు మాత్రం సగానికి పడిపోయాయి. ఎక్కడ వెతకాలి?

మొక్కలపిచ్చి:
అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా మొక్కల పెంపకం మీద బ్లాగు రాస్తున్నాను. వర్డ్‌ప్రెస్ బ్లాగు, యాడ్లకి గూగుల్ వాళ్ల యాడ్‌సెన్స్ ఒక్కటే వాడతాను. నవంబర్, డిసెంబర్‌లో డబ్బులు బాగానే వచ్చాయి, జనవరిలో దభాలున పడ్డాయి, సరే ఏటా ఉండేదే కదా అని ఊరుకున్నాను. మార్చి అయిపోవస్తున్నా లేవలేదు. నవంబర్‌లో వంద వచ్చిన చోట ఇప్పుడు నలభై ఐదు వస్తోంది, పేజీవ్యూస్ చూస్తే తగ్గకపోగా కాస్త పెరిగాయి కూడా. టెన్షన్ తట్టుకోలేక పోయిన వారం ప్రతి పోస్టులో ఇంకో రెండు యాడ్ యూనిట్లు, అంటే యాడ్ వచ్చే చోట్లు, పెట్టాను, దాంతో ఇంకా తగ్గినట్టుంది. హోస్టింగ్ ఖర్చు ఈ డబ్బులతోనే కడుతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

పాతకాపు:
ముందు ఆ రెండు యూనిట్లు తీసేయండి, తర్వాత మాట్లాడుకుందాం. ఆదాయం తగ్గినప్పుడు అందరూ చేసే పొరపాటే అది, నేనూ చేశాను.

మొత్తం ఎంత వచ్చిందా అని చూస్తూ కూర్చుంటే ఏమీ తేలదండీ. పేజీవ్యూస్ నిలకడగా ఉన్నాయంటే పడింది పేజీ ఆర్‌పీఎం, అంటే వెయ్యి పేజీవ్యూస్‌కి వచ్చే డబ్బు. ఇంకో సంగతి, మార్చిని నవంబర్‌తో పోల్చకండి. ఏడాది చివర్లో అమ్మకాల కోసం ప్రకటనలిచ్చేవాళ్లు యాడ్ చోటు కోసం జరిగే వేలంలో పోటీ పడి రేట్లు పెంచేస్తారు, జనవరిలో కొత్త బడ్జెట్లు మొదలయ్యేసరికి ఆ పోటీ చల్లబడుతుంది. పోయిన ఏడాది మార్చితో పోల్చండి. రిపోర్టుల్లో దేశాల వారీగా ఒకసారి, ఫోన్, డెస్క్‌టాప్ వేరుచేసి ఇంకోసారి చూడండి. ఎక్కువ రేటు వచ్చే దేశాల పాఠకులు తగ్గి తక్కువ రేటు దేశాల నుంచి పెరిగితే, పేజీవ్యూస్ పెరుగుతూనే డబ్బు తగ్గుతుంది. యాడ్లలో ఎన్ని శాతం నిజంగా తెరమీద కనబడ్డాయో చెప్పే యాక్టివ్ వ్యూ వ్యూయబుల్ అనే కాలమ్ కూడా చూసి ఇక్కడ రాయండి.

మొక్కలపిచ్చి:
యూనిట్లు తీసేశాను. మీరు చెప్పినట్టే చూశాను, పోయిన మార్చితో పోలిస్తే తగ్గింది సగం కాదు, 30 శాతం. కాస్త ఊపిరి పీల్చుకున్నాను. దేశాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, డెస్క్‌టాప్ ఆర్‌పీఎం దాదాపు అంతే ఉంది, పడిందంతా ఫోన్‌లోనే. ఫోన్‌లో యాక్టివ్ వ్యూ 58 నుంచి 31 శాతానికి వచ్చింది. జనవరి రెండో వారంలో థీమ్ మార్చాను, దానివల్లేనా?

కోడ్‌గూడు:
నూటికి తొంభై పాళ్లు అదే. మామూలు డిస్‌ప్లే యాడ్‌ని చూసినట్టు లెక్కెయ్యాలంటే దానిలో కనీసం సగం భాగం ఒక సెకను పాటు తెరమీద ఉండాలి. ఎవరూ చూడని చోటుకి ఎక్కువ రేటు పెట్టరు కదా. పైగా 2024 మొదట్లో యాడ్‌సెన్స్ క్లిక్కులకి బదులు ఇంప్రెషన్లకి, అంటే యాడ్ చూపించినందుకే, చెల్లించే పద్ధతికి మారింది, కాబట్టి యూనిట్లు పెంచితే డబ్బు పెరుగుతుందని చాలామంది అనుకుంటున్నారు. కనబడని యూనిట్లు ఎన్ని పెట్టినా ఆ చోటు విలువ పడిపోవడమే.

మీ గులాబీ చీడల పోస్టు ఇప్పుడే ఫోన్‌లో తెరిచాను. శీర్షిక, కింద పెద్ద ఫోటో, ఆ ఫోటో వచ్చేదాకా ఏమీ లేదు. వచ్చాక మొదటి పేరా చదువుతుంటే, రెండో లైనులో ఉండగా పైన యాడ్ ఊడిపడి అక్షరాలన్నిటినీ కిందికి తోసేసింది. చదివే చోటు వెతుక్కుంటూ కిందికి జరిపేశాను, యాడ్ ఏమిటో చూడనే లేదు. మీ పాఠకులందరూ చేస్తున్నది ఇదే.

యాడ్ వచ్చే డబ్బాకి పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ కోడ్‌లో కనీస ఎత్తు ముందే ఇచ్చేయండి, అప్పుడు అక్షరాలు ఎగిరిపడవు. మొదటి యూనిట్‌ని శీర్షిక కింద నుంచి తీసి రెండో పేరా తర్వాత పెట్టండి. ఫోటోలు వెబ్‌పీ అనే తేలికపాటి ఫార్మాట్‌లోకి మార్చి కుదించండి. గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ పరీక్షలో ఎల్‌సీపీ (పేజీలో అన్నిటికంటే పెద్ద భాగం కనబడటానికి పట్టే సమయం) 2.5 సెకన్లలోపు, సీఎల్ఎస్ (పేజీలోవి ఎంత ఎగిరిపడుతున్నాయో చెప్పే కొలత) 0.1 లోపు ఉండాలి. ఇంకో మాట, ఫోన్‌లో పోస్టు ఎత్తులో 30 శాతం దాటి యాడ్లు ఉంటే చిరాకు పెట్టే యాడ్లని అరికట్టే బెటర్ యాడ్స్ ప్రమాణాలకి విరుద్ధం, అలాంటివి సరిచేయకుండా వదిలేస్తే క్రోమ్ యాడ్లనే ఆపేయవచ్చు.

రాత్రిబడి:
పైవాళ్లు చెప్పింది సరే, కొత్త థీమ్ పెట్టినప్పుడు మీ సైటులో యాడ్ చోటు అమ్మే అనుమతి ఎవరికుందో చెప్పే యాడ్స్.టీఎక్స్‌టీ ఫైలు ఉందో లేదో కూడా చూసుకోండి. మా స్నేహితుడి సైటు వేరే హోస్టింగ్‌కి మార్చినప్పుడు ఆ ఫైలు పోయింది, రెండు నెలలు ఎవరికీ తెలియలేదు. వద్దనుకున్న రకం యాడ్లని ఆపే బ్లాకింగ్ కంట్రోల్స్‌లో ఎప్పుడో ఆపేసిన కేటగిరీలు ఎక్కువుంటే వేలంలో పోటీ తగ్గుతుంది, నిజంగా మీకు ఇష్టంలేనివి మాత్రమే ఉంచండి. నెలాఖరుకి అంచనా ఆదాయంలో కొంత కోత పడుతుంటే అది చెల్లని ట్రాఫిక్ (నకిలీ క్లిక్కులు, వ్యూలు) వల్ల కావచ్చు, తెలిసినవాళ్లని క్లిక్ చెయ్యమని మాత్రం ఎప్పుడూ అడగకండి, అకౌంటే పోతుంది.

మొక్కలపిచ్చి:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. యాడ్స్.టీఎక్స్‌టీ బాగానే ఉంది. ఎత్తు ఇచ్చాను, యూనిట్ కిందికి జరిపాను, ఫోన్‌లో యాక్టివ్ వ్యూ 52కి వచ్చింది. పోయిన ఏడాది ఇదే నెలతో చూస్తే ఇంకా 12 శాతం తక్కువే, కానీ ప్రతి వారం కొంచెం కొంచెం లేస్తోంది. పాత పోస్టులు రెండు వందల పైన ఉన్నాయి, వాటి ఫోటోలు రోజుకు పది పోస్టుల చొప్పున కుదిస్తున్నాను. కోడ్‌గూడు గారూ, ఆ గులాబీ పోస్టు వీలైతే ఇంకోసారి ఫోన్‌లో తెరిచి చూడరూ?