అగేట్ రాళ్లకు పెట్టిన మెరుగు ఫోటోలో నిలవడం లేదు: చారలు కనిపిస్తే తళుకు పోతోంది, తళుకు వస్తే చారలు పోతున్నాయి

గులకరాళ్లమూట (మిన్నెసోటా):

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా నేను మిన్నెసోటాలో సుపీరియర్ సరస్సు ఒడ్డునా, యజమానుల అనుమతితో కంకర గుంతల్లోనూ అగేట్ రాళ్లను ఏరుకొని, ఇంటి గ్యారేజీలో చిన్న టంబ్లర్‌లో (రాళ్లను గరుకు పొడితో కలిపి తిప్పే డబ్బా యంత్రంలో) వాటికి మెరుగు పెట్టుకుంటున్నాను. సుమారు 110 కోట్ల సంవత్సరాల నాటి లావా బుడగల్లో పొరలు పొరలుగా పేరుకొని, ఆ తర్వాత హిమానీనదాలతో పాటు దొర్లుతూ దక్షిణానికి చేరిన ఈ రాళ్లలో, ఇనుము వల్ల ఏర్పడిన ఎరుపు, నారింజ చారలే అసలు అందం. 1969లో ఈ రాష్ట్రం దీన్ని తన అధికారిక రత్నంగా ఎంచుకున్నది ఆ చారలను చూసే అయి ఉంటుందని నా ఊహ.

ఈసారి మూడు పౌండ్ల డబ్బాలో 60/90 గరుకు పొడితో (అంకె పెరిగేకొద్దీ పొడి మెత్తనవుతుంది) రెండు వారాలు, 120/220తో ఒక వారం, 500తో ఒక వారం, చివరగా అల్యూమినియం ఆక్సైడ్‌తో మరొక వారం తిప్పాను. మెట్టుకూ మెట్టుకూ మధ్య డబ్బానూ రాళ్లనూ శుభ్రంగా కడిగాను. ఇప్పుడు రాయిని చేతిలోకి తీసుకొని చూస్తే కిటికీ ఊచలు దాని మీద లెక్కపెట్టవచ్చు. అయితే ఫోటో తీసేసరికి ఆ రాయి ఈ రాయి కాకుండా పోతోంది. దీపం వెలుతురులో తీస్తే రాయి నడినెత్తిన తెల్లని చుక్క ఒకటి మండుతూ, దాని చుట్టూ ఉన్న చారలను మింగేస్తోంది. ఆ చుక్కను తప్పించుకోవడానికి మబ్బు పట్టిన రోజున వరండాలో తీస్తే చారలు బాగానే వస్తున్నాయి గాని, అయిదు వారాల మెరుగు మాయమై, రాయి సబ్బుబిళ్ల ముక్కలా కనిపిస్తోంది. కాకినాడలో ఉన్న మా అమ్మకు పది ఫోటోలు పంపితే, "అంత దూరం వెళ్లి చింతగింజలు ఏరుకుంటున్నావా నాయనా?" అని అడిగింది.

నా దగ్గర ఒక ఫోను, పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా, దానికి 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు, ట్రైపాడ్, రెండు బల్లదీపాలు ఉన్నాయి. ఫోటో తీసే ముందు రాళ్లకు కొబ్బరినూనె రాయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు, అది సరైనదేనా? మెరుగునూ చారలనూ ఒకే ఫోటోలో పట్టుకోవడం అసలు సాధ్యమేనా?

వెలుగునీడలు (హైదరాబాద్):

మీ అమ్మగారు హాస్యానికి అన్నా, సమస్య మొత్తం ఆ మాటలోనే ఉంది. చింతగింజ పైన మాత్రమే మెరుస్తుంది, చూపును లోపలికి వెళ్లనివ్వదు. అగేట్ పైన మెరుస్తుంది, చూపును లోపలికీ రానిస్తుంది. మెరుగు రాతి ఉపరితలం మీద ఉంటుంది, చారలు ఉపరితలం కింద ఉంటాయి. మీరు వాడిన దీపం మొదటిదాన్ని మాత్రమే చూపించి రెండోదాన్ని కప్పేసింది. మబ్బు ఆకాశం రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని చెరిపేసింది.

నేను పదకొండేళ్లుగా నగల ఫోటోలు తీస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు మెరుపును శత్రువుగా చూసి దాన్ని పూర్తిగా తొలగించాలనుకుంటారు. కాని మెరుగు అనేది కంటికి ప్రతిబింబం రూపంలో తప్ప మరే రూపంలోనూ కనిపించదు. ప్రతిబింబమే లేకపోతే మెరుగు పెట్టిన రాయికీ పెట్టని తడి రాయికీ ఫోటోలో తేడా తెలియదు. కాబట్టి మీరు చేయవలసింది ప్రతిబింబాన్ని తీసేయడం కాదు, అది ఎక్కడ పడాలో, ఎంత పెద్దదిగా ఉండాలో, దాని అంచు ఎలా ఉండాలో నిర్ణయించడం.

అగేట్ వక్రీభవన గుణకం సుమారు 1.54. అంటే నిటారుగా పడిన వెలుతురులో దాదాపు నాలుగున్నర శాతం మాత్రమే ఉపరితలం నుంచి అద్దంలా వెనక్కి వస్తుంది. అది చిన్న మొత్తమే, కాని బల్బు చిన్నదిగానూ తీవ్రంగానూ ఉన్నప్పుడు ఆ నాలుగున్నర శాతమే చారల నుంచి వచ్చే వెలుతురును మించిపోతుంది. అదే వెలుతురును బల్బు నుంచి కాక, అరచేతులు రెండు కలిపినంత వెడల్పున్న తెల్లని తెర నుంచి రానిస్తే, రాతి మీద మొత్తం వెలుతురు తగ్గకుండానే ప్రతిబింబంలో ఒక్కొక్క చోటి తీవ్రత బాగా తగ్గిపోతుంది. అప్పుడు ఆ మెరుపు గుండానే చారలు కనిపిస్తాయి.

ఇంట్లో దీనికి ట్రేసింగ్ పేపరు చాలు. రాయికి ఒక పక్కన, కొంచెం పైగా, 12 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో ట్రేసింగ్ పేపరును వంపుగా నిలబెట్టి, దాని వెనుక ఒక బల్లదీపం పెట్టండి. రెండో దీపం ఆర్పేయండి. గదిలోని ట్యూబులైటూ కిటికీ వెలుతురూ కూడా ఉండకూడదు, ఎందుకంటే గుండ్రని రాయి మలుపు దగ్గర రోడ్డు పక్కన పెట్టే కుంభాకార దర్పణం లాంటిది. గదిలో ఉన్నదంతా, మీ చొక్కాతో సహా, దాని మీద ఎక్కడో ఒకచోట పడుతుంది. దీపాన్ని పేపరుకు దగ్గరగా జరిపితే ప్రతిబింబం మధ్యలో ప్రకాశంగా ఉండి అంచుల వైపు పలచబడుతుంది. దూరం జరిపితే మొత్తం ఒకేలా తెల్లగా ఉంటుంది. రాతికి గుండ్రదనం తెచ్చేది మొదటి పద్ధతే. ఎదురు పక్కన ఒక నల్ల అట్టముక్క నిలబెడితే, రాయి అంచు వెంట సన్నని నల్లని గీత ఏర్పడి ఆకారం తేటపడుతుంది. మేము ఉంగరాల రాళ్లకు చేసేదీ ఇదే. చాలామంది తెల్ల డబ్బా కొని నాలుగు వైపులా తెలుపు నింపేసి, రాళ్లన్నీ పాలలో ముంచినట్లు వస్తున్నాయని బాధపడతారు.

ట్రేసింగ్ పేపరు బదులు పంచె కట్టినా పనిచేస్తుంది గాని, నీలిమందు పెట్టి ఉతికిన పంచె గుండా వచ్చే వెలుతురులో నీలం ఛాయ చేరుతుంది. ఏ తెర వాడినా, దాన్ని అమర్చిన తర్వాతే బూడిద రంగు కార్డు మీద వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగానే వచ్చేలా కెమెరా రంగుల అమరిక) సరిచేసుకోండి.

కొబ్బరినూనె మాత్రం వద్దు. అది దుమ్మును పట్టుకుంటుంది, మరకలు వదులుతుంది, పైపెచ్చు రాతి మీది సన్నని గీతలను నింపి లేని మెరుగును చూపిస్తుంది. అయిదు వారాలు కష్టపడినవారికి ఆ అవసరం ఏముంది?

ఫిల్టరుప్రియుడు:

ఒక చిన్న సవరణ. పోలరైజర్ ఫిల్టరు (ఒకే దిశలో కంపించే వెలుతురును మాత్రమే పోనిచ్చే ఫిల్టరు) సంగతి ఎవరూ ఎత్తలేదు. లెన్సు ముందు పోలరైజర్ పెట్టి, దీపం ముందు పోలరైజింగ్ షీటు పెట్టి, రెండింటినీ ఒకదానికొకటి అడ్డంగా తిప్పితే ఉపరితల ప్రతిబింబం దాదాపు పూర్తిగా ఆగిపోయి, చారలు వాటి సహజమైన రంగులో, అద్దం తలుపు తీసి చూసినట్లు కనిపిస్తాయి. నేను మ్యూజియం నమూనాలకు ఇలాగే తీస్తాను.

వెలుగునీడలు (హైదరాబాద్):

మీరు చెప్పింది నిజమే, నమూనాలో ఏముందో నమోదు చేయడానికి అంతకన్నా మంచి పద్ధతి లేదు. కాని గులకరాళ్లమూట గారు అడిగింది మెరుగు కూడా కనిపించాలని. దీపానికీ లెన్సుకూ అడ్డంగా ఫిల్టర్లు పెట్టి తీసిన ఫోటోలో రాయి రంగులద్దిన మైనపు ముద్దలా ఉంటుంది. లెన్సుకు మాత్రమే పోలరైజర్ పెడితే మరొక చిక్కు వస్తుంది. ఈ ఫిల్టరు ప్రతిబింబాన్ని పూర్తిగా ఆపగలిగేది వెలుతురు ఉపరితల లంబానికి సుమారు 57 డిగ్రీల కోణంలో పడినచోటే. కోసి సానపట్టిన బల్లపరుపు పలకకు ఆ కోణం మొత్తం మీద కుదురుతుంది, గుండ్రని గులకరాయికి మాత్రం ఒక పట్టీ మేరకే కుదురుతుంది. మిగిలిన చోట మెరుపు అలాగే ఉండి, ఫిల్టరు వెలుతురులో సగానికి పైగా మింగేస్తుంది. ఎవరైనా రెండు ఫోటోలు తీసి, ఒకటి పూర్తి పోలరైజేషన్‌తోనూ ఒకటి లేకుండానూ, కంప్యూటర్‌లో కావలసిన పాళ్లలో కలుపుకుంటానంటే నేను కాదనను. నాకు అంత ఓపిక లేదు.

భీమాతీరం (సోలాపూర్):

మా తాతల నాటి నుంచి సోలాపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం మాది. భీమా నది గులకల్లో దొరికే చాల్సెడొనీ (అగేట్ జాతిదే అయిన రాయి), అగేట్ ముక్కలను ఇరవై ఏళ్లుగా ఏరుతున్నాను. మా రాళ్లు దక్కన్ లావాలో పుట్టినవి, మీ రాళ్లంత ఎర్రగా ఉండవు. చాలావరకు బూడిద, తెలుపు, పలచని నీలం. ఇటువంటి రాళ్లను వేడిచేసి ఎరుపు తేవడం గుజరాత్‌లోని ఖంభాత్ పనివారికి తరతరాలుగా తెలిసిన విద్య. వేడిచేయని బూడిద రాయికి ముందు నుంచి ఎంత మంచి వెలుతురు ఇచ్చినా అది బూడిద రాయిగానే ఉంటుంది. వెనుక నుంచి వెలుతురు పంపితేనే దానికి ప్రాణం వస్తుంది.

నల్ల చార్టుముక్కలో రాయి కంటే చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు చిన్నదిగా కంత చేసి, గాజు పలక మీద పరచి, కంత మీద రాయిని కూర్చోబెట్టి, కింద నుంచి ఫోను టార్చి వేయండి. రాయి పక్కల నుంచి వెలుతురు ఒక్క దారమంత జారినా కెమెరా దానికే లొంగిపోయి రాయిని చీకటి చేస్తుంది, కాబట్టి కంత ఆకారం రాయి ఆకారాన్ని అనుసరించాలి. గుండ్రంగా కోస్తే సరిపోదు. ఇందులో నేను నేర్చుకున్నది ఒకటే: కింది వెలుతురును మాత్రమే వాడితే రాయి రంగు బల్బులా ఉంటుంది, దాని పైభాగం ఉన్నదో లేదో తెలియదు. పైన చెప్పిన ట్రేసింగ్ పేపరు వెలుతురును తక్కువ తీవ్రతతో పక్క నుంచి ఇస్తూ, కింది వెలుతురును కలిపితే చారలు లోపలి నుంచీ, మెరుగు పై నుంచీ కనిపిస్తాయి. రేగుపండంత రాళ్లకు ఇది చక్కగా పనిచేస్తుంది. ఉసిరికాయను మించిన రాళ్లలో, అందులోనూ ఇనుము దట్టంగా పట్టిన ఎర్రని వాటిలో, వెలుతురు అవతలికి రాదు; అక్కడ శ్రమ వృథా.

నేపథ్యం గురించి కూడా ఒక మాట. మా ఊరు తువ్వాళ్లకు ప్రసిద్ధి, అయినా తువ్వాలు మీద రాళ్లను పెట్టి ఫోటో తీయకండి. నూలు పోగులన్నీ రాతికి అంటుకొని దగ్గరి ఫోటోలో తాళ్లలా కనిపిస్తాయి. నల్ల మఖమల్ వెలుతురును బాగా మింగుతుంది గాని దాని మీదా దుమ్ము ఎక్కువే. నేను గరుకు నల్ల పలక వాడతాను. రాయిని వేళ్లతో పట్టుకోకుండా, మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఆ గుడ్డతోనే కూర్చోబెడతాను.

సైజు తెలియడానికి పక్కన రూపాయి బిళ్ల పెట్టే అలవాటు మనవారికి ఉంది. 2011 నాటి రూపాయి బిళ్ల దాదాపు 22 మిల్లీమీటర్లు, 2019 నాటిది 20 మిల్లీమీటర్లు. ఏ రూపాయో చెప్పకపోతే ఆ కొలతకు అర్థం లేదు. చిన్న స్కేలు ముక్క పెట్టడం మేలు.

గులకరాళ్లమూట (మిన్నెసోటా):

అందరికీ కృతజ్ఞతలు. శనివారం సాయంత్రమంతా దీనికే కేటాయించాను. ట్రేసింగ్ పేపరు, ఒక్క దీపం, ఎదురుగా నల్ల అట్ట, అంతే. తెల్లని మంట చుక్క స్థానంలో రాయి భుజం మీద నెలవంకలాంటి మెత్తని వెలుగు ఏర్పడింది, దాని కింద చారలు ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి. రెండు ఇబ్బందులు మిగిలాయి. మాక్రో లెన్సుతో తీస్తే రాయి శిఖరం స్పష్టంగా ఉండి అంచులు మసకబారుతున్నాయి. ఫోనుతో తీస్తే ఎర్ర చారలన్నీ కలిసిపోయి ఒకే ఎర్రని ముద్ద అవుతున్నాయి, పైగా దగ్గరికి వెళ్లగానే ఫోను నీడ రాయి మీద పడుతోంది. మూడో సంగతి ఇబ్బందో కాదో తెలియదు: పన్నెండు రాళ్లలో పదింటి మీద ట్రేసింగ్ పేపరు అంచు కత్తితో గీసినట్లు పడింది, రెండింటి మీద మాత్రం అదే అంచు పొగలా అలుక్కుపోయింది. దీపం మార్చలేదు, ఫోకస్ కూడా సరిగానే ఉంది.

వెలుగునీడలు (హైదరాబాద్):

మొదటి రెండింటికి జవాబు సులువు. రాయిని సెన్సారు మీద సగం సైజులో పడేంత దగ్గర నుంచి తీసినప్పుడు, పూర్తి ఫ్రేము (పెద్ద సెన్సారున్న) కెమెరాలో ఎఫ్/11 దగ్గర (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది) స్పష్టంగా ఉండే మందం సుమారు 4 మిల్లీమీటర్లే. రాయి శిఖరానికీ అంచుకూ మధ్య ఒక సెంటీమీటరు ఉంటే అది ఎలా సరిపోతుంది? ఎఫ్/22కి వెళ్తే వివర్తనం (చిన్న రంధ్రం గుండా వెళ్లే వెలుతురు చెదరడం) వల్ల మొత్తం మెత్తబడుతుంది. కాబట్టి ఎఫ్/8 లేదా ఎఫ్/11 వద్దే ఉంచి, శిఖరం నుంచి అంచు దాకా ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ ఆరేడు ఫోటోలు తీసి, ఫోకస్ స్టాకింగ్ చేసే సాఫ్ట్‌వేరులో కలపండి. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, రెండు సెకన్ల టైమరు; షట్టరు ఎంత నిదానమైనా రాయి కదలదు గదా.

ఫోనును రాయికి మరీ దగ్గరికి తీసుకెళ్లగానే అది తనంతట తాను వెడల్పు లెన్సుకు మారి, రాయికి రెండంగుళాల దూరానికి చేరుతుంది, నీడ అందుకే. 25 సెంటీమీటర్లు వెనక్కి వచ్చి రెండింతల జూమ్‌లో తీయండి. అప్పుడు రాయి మీద పడే ఫోను నల్లని ప్రతిబింబం కూడా చిన్నదవుతుంది. ఎరుపు ముద్దకట్టడం వైట్ బ్యాలెన్స్ లోపం కాదు, ఎరుపు ఛానెల్ నిండిపోవడం, అంటే కెమెరా నమోదు చేయగలిగినంతకు మించి ఎర్రని వెలుతురు రావడం. ఎక్స్‌పోజరును మైనస్ 0.7 దాకా తగ్గించి, వీలైతే రా ఫార్మాట్‌లో (కెమెరా మార్పులు చేయని మూల ఫైలుగా) తీయండి. ఫోటో కొంచెం చీకటిగా కనిపిస్తే తర్వాత పెంచుకోవచ్చు, నిండిపోయిన ఎరుపును వెనక్కి తేలేము.

ఇక మూడోది. ఆ రెండు రాళ్లకు మెరుగు పూర్తి కాలేదు. కంటికి మెరుస్తున్నట్లే ఉన్నా ఉపరితలం మీద సూక్ష్మమైన గరుకు మిగిలి ఉంటే ప్రతిబింబం అంచు ఇలాగే అలుక్కుపోతుంది. కావాలంటే వాటిని నీటిలో ముంచి, మళ్లీ ఆరబెట్టి చూడండి: తడిగా ఉన్నప్పటికంటే ఆరిన తర్వాత రంగు పాలిపోతే నా మాట నిజం.

గులకరాళ్లమూట (మిన్నెసోటా):

ముంచి చూశాను. రెండూ ఆరగానే పాలిపోయాయి, మిగిలిన పదింటికీ తడికీ పొడికీ తేడా కనిపించలేదు. రెండింటినీ కడిగి పక్కన పెట్టాను. వచ్చే విడత రాళ్లు 500 పొడి మెట్టుకు చేరినప్పుడు వీటినీ వాటితోనే వేస్తాను. ఈలోగా మిగిలిన పదింటి ఫోటోలు కాకినాడకు వెళ్తున్నాయి.