ఐపీఎల్ పిచ్చి, క్రికెట్ వృత్తి: దీన్ (ఇస్లాం ధర్మం)లో ఎంతవరకు సరే?

పలమనేరు భాయ్:
అస్సలాము అలైకుమ్. పోయిన జుమా (శుక్రవారం నమాజు) బయాన్‌లో, అంటే ప్రసంగంలో, మా ఇమామ్ సాబ్ క్రికెట్ చూడడం గురించి గట్టిగా మాట్లాడారు. పనికిరాని వాటికి దూరంగా ఉండేవాళ్లే మోమిన్లని (విశ్వాసులని) ఖురాన్ 23వ సూరా మొదట్లోనే ఉంది, రోజూ నాలుగు గంటలు టీవీ ముందు కూర్చోవడం అందులోకి రాదా అని అడిగారు. నేనేమో మా వాణ్ణి క్రికెట్ కోచింగ్‌లో చేర్చాలనుకుంటున్నా. ఆటనే బతుకుతెరువు చేసుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

గ్రీమ్స్‌పేట పాఠకుడు:
ఇమామ్ సాబ్ చెప్పింది కరెక్ట్. ఒంటికి మంచిదని ఆడుకుంటే సరే. ఎవరో ఆడుతుంటే కూర్చుని చూస్తే మనకొచ్చేదేంది? ఆ డబ్బుతో చదివించండి భాయ్.

కొర్లగుంట, తిరుపతి:
చూడడమే తప్పంటే నేను ఒప్పుకోను. ఈద్ రోజు ప్రవక్త (స) మసీదులోనే హబషీలు (అబిసీనియా వాళ్లు) ఈటెలతో ఆడుతుంటే, ఆయన భార్య ఆయేషా (ర) ఆయన వెనక నిలబడి తనకు విసుగొచ్చేదాకా చూశారు. ప్రవక్త మాటలు, పనులు చెప్పే హదీసుల గ్రంథం బుఖారీలోనే ఉంది ఇది. ఆయన ఆమెతో పరుగు పందెం వేశారు, గుర్రపు పందేలు పెట్టించారు. అన్నిటినీ ఒకే గాటన కట్టి హరామ్ అనేస్తే పిల్లలు మన మాట వినడమే మానేస్తారు.

నా బాధంతా మనం చూసే తీరు గురించే. 2024లో రంజాన్ మధ్యలో ఐపీఎల్ మొదలైంది. మ్యాచ్ ఏడున్నరకు, కాసేపటికే ఇషా (రాత్రి నమాజు), వెంటనే తరావీహ్ (రంజాన్ రాత్రుల ప్రత్యేక నమాజు). మా మసీదులో వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) కొళాయి తిప్పి, నీళ్లు పోతుంటే ఫోన్‌లో స్కోరు చూస్తున్న కుర్రాళ్లను కళ్లారా చూశాను. తరావీహ్‌లో ఎనిమిది రకాతులు (నమాజు భాగాలు) కాగానే వెనక సఫ్ (వరుస) ఖాళీ!

ఇక బెట్టింగ్. టీ అంగడి దగ్గర 'ఈ ఓవర్లో వికెట్ పడతాదా, పడదా' అని ఐదొందల నోటు తీస్తారు. ఖురాన్ 5:90 జూదాన్ని సారాయి పక్కనే పెట్టింది. మీ మధ్య పగలు పెడుతుంది, నమాజు నుంచి ఆపుతుంది అని తర్వాతి ఆయతులోనే కారణం కూడా ఉంది. ఫ్యాంటసీ యాప్‌లో డబ్బు కట్టడం కూడా అంతే. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాక డ్రీమ్11 డబ్బు పోటీలు ఆపేసింది, టీమిండియా స్పాన్సర్‌గా కూడా తప్పుకుంది. అప్పటిదాకా మన పిల్లలు దాన్ని తెలివితేటల ఆట అనే వాదించారు.

నోటి సంగతి ఇంకా ఘోరం. 2021 అక్టోబరులో దుబాయ్‌లో మన జట్టు పాకిస్తాన్ చేతిలో ఓడితే బౌలర్ షమీని మతం పేరుతో తిట్టారు. 2025 మార్చిలో అదే దుబాయ్‌లో సెమీస్ ఆడుతూ రంజాన్‌లో ఏదో తాగాడని మనవాళ్లే దుమ్మెత్తిపోశారు. ప్రయాణంలో ఉన్నవాడు రోజాలు (ఉపవాసాలు) తర్వాత పూర్తి చేసుకోవచ్చని ఖురాన్ 2:185లో స్పష్టంగా ఉంది కదా.

ప్రవక్త (స) ఒంటె అద్బాను చాలాకాలం దాకా ఏదీ దాటలేదు. ఒకసారి ఒక పల్లెటూరి అరబ్బు ఒంటె దాటేస్తే సహాబాలు (ప్రవక్త సహచరులు) బాధపడ్డారు. లోకంలో పైకెక్కిన దేన్నైనా అల్లాహ్ కిందికి దించుతాడని ఆయన వాళ్లకు చెప్పారు. ఓడిన రాత్రి అన్నం తినకుండా పడుకునే మన పిల్లలకు ముందు చెప్పాల్సిన హదీసు ఇదే.

గ్రీమ్స్‌పేట పాఠకుడు:
హబషీలది యుద్ధ సాధన సార్. ఇది వ్యాపారం. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది పోయారు. చిత్తూరు నుంచి కూడా కప్పు చూడ్డానికి పిల్లలు బస్సెక్కి పోతారు. ఈ పిచ్చిని పెంచి అమ్ముకుంటున్నారు. అందులో ఆడి సంపాదించింది హలాల్ ఎట్లవుతుంది?

కొర్లగుంట, తిరుపతి:
వ్యాపారం అన్న మాట నిజమే. దానికి ఆటగాడు ఎంతవరకు తల వంచుతాడన్నదే నాకు ముఖ్యం. హాషిమ్ ఆమ్లా దక్షిణాఫ్రికా జట్టు స్పాన్సరైన బీరు కంపెనీ లోగో చొక్కా మీద పెట్టుకోనన్నాడు, బోర్డు ఒప్పుకుంది. 2012లో ఓవల్‌లో 311 నాటౌట్ కొట్టాడు, దక్షిణాఫ్రికాకు అదే మొదటి ట్రిపుల్ సెంచరీ. కష్టపడి ఆడినదానికి తీసుకునే జీతం నా దృష్టిలో హలాలే.

పలమనేరు భాయ్, ఫీజు కట్టే ముందు కోచ్‌ను రెండు విషయాలు అడగండి. శుక్రవారం జుమాకు వదులుతారా? మ్యాచ్ రోజు లంచ్‌లో జొహర్ (మధ్యాహ్నం నమాజు)కు పది నిమిషాలు ఇస్తారా?

పలమనేరు భాయ్:
ఆదివారం వెళ్లి అడుగుతాను. జుమాకు వదలనంటే వేరే చోటు చూస్తా.